స్థానిక పత్రిక మొదటి పేజీ రూపకల్పన: ఎక్కడ మొదలుపెట్టాలి?

స్థానికవార్త

సభ్యులందరికీ నమస్కారం. మేము ఎనిమిది పేజీల టాబ్లాయిడ్ (మామూలు దినపత్రికలో దాదాపు సగం పరిమాణం) వారపత్రిక నడుపుతున్నాము. మొదటి పేజీని పూర్తిగా కొత్తగా తీర్చిదిద్దాలని నిర్ణయించుకున్నందువల్ల, ఈ పనిలో అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను.

ఇప్పటి పేజీ స్వరూపం ఇది. ముద్రణ స్థలం 25 సెంటీమీటర్ల వెడల్పు, 33 సెంటీమీటర్ల ఎత్తు. అందులో పత్రిక పేరు, చిహ్నం, దాని కింద తేదీ పట్టీ కలిసి 6.5 సెంటీమీటర్లు తీసుకుంటున్నాయి. పేరుకు రెండు వైపులా ఇయర్ ప్యానెళ్లలో చిన్న ప్రకటనలు ఉంటాయి. దాని కింద ఆరు కాలమ్‌లలో పదకొండు వార్తలు, దాదాపు ఒకే పరిమాణంలో మూడు ఫొటోలు, అడుగున ఒక ప్రకటన. శీర్షికల్లో నాలుగు రంగులు వాడుతున్నాము. వాటిలో సగం రంగు పట్టీ మీద తెల్ల అక్షరాలు.

పేజీ నిండుగా ఉందని పాఠకులు అంటారు. కానీ ఆ వారం ప్రధాన వార్త ఏదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. నా ప్రశ్నలు ఇవి: మొదటి పేజీలో ఎన్ని వార్తలు ఉండాలి? టాబ్లాయిడ్‌కు ఆరు కాలమ్‌లు సరైనవేనా? పేరు కోసం అంత స్థలం అవసరమా? ప్రతి వారం ఒకే నమూనా వాడాలా, లేక వార్తలను బట్టి మార్చాలా? ప్రకటనను తీసివేసే స్థితిలో మేము లేము కాబట్టి, అది ఉంటుందనే లెక్కతోనే చెప్పగలరు.

రాత్రిడెస్క్

మీ ప్రశ్నలన్నీ కొలతల గురించి ఉన్నాయి. వాటన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఈ వారం పేజీలో ఏది పెద్దది, ఏది దాని తరవాతది, ఏది చిన్నది. ఈ నిర్ణయం కంప్యూటర్ ముందు కూర్చునే లోపే జరగాలి. పేజీ పెట్టేవారికి పదకొండు వార్తలు ఒకేసారి ఇచ్చి "సర్దండి" అంటే వారు సర్దుతారు. అన్నీ పడతాయి, అన్నీ సమానంగా కనిపిస్తాయి. మీ పాఠకులు ఒక్కొక్కరు ఒక్కొక్క వార్త పేరు చెప్పడానికి కారణం అదే. అది డిజైన్ లోపంలా కనిపిస్తుంది గానీ నిజానికి ఎడిటింగ్ బల్ల దగ్గర తీసుకోని నిర్ణయం.

నేను పాటించే పద్ధతి చెబుతాను. అందిన వార్తల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్కదాని పక్కన ఒక్క వాక్యం రాస్తాను: ఇది పాఠకుడి జీవితంలో రేపటి నుంచి ఏం మారుస్తుంది? ఆ వాక్యం రాయడానికి తడుముకోవలసి వస్తే ఆ వార్త లోపలి పేజీకి వెళుతుంది. మిగిలినవాటిలో ఒకటి లీడ్ (ప్రధాన వార్త), ఒకటి సెకండ్ లీడ్ (దాని తరవాతది), పేజీ అడుగున అడ్డంగా వచ్చే యాంకర్ వార్త ఒకటి. ఆ తరవాత తెల్లకాగితం మీద పెన్సిలుతో డమ్మీ, అంటే పేజీ నమూనా, గీస్తాను. ఫొటోకు ఒక పెట్టె, అందులో అడ్డంగా ఒక గీత. శీర్షికకు ఎన్ని కాలమ్‌లు, ఎన్ని వరుసలు అన్నది ఆ పెట్టెల మీదే రాస్తాను. చేతిలో పెన్సిలు ఉన్నప్పుడు మనిషి పేజీ మొత్తాన్ని చూస్తాడు. తెర మీద పేజీని పెద్దది చేసి మూలలు సవరించుకుంటూ కూర్చున్నప్పుడు ఆ చూపు పోతుంది.

టాబ్లాయిడ్ మొదటి పేజీకి నాలుగు లేదా అయిదు వార్తలు చాలు. వాటికి తోడు లోపలి పేజీల్లో ఏముందో చెప్పే ఇండికేషన్లు ఉంటే సరిపోతుంది. ఫొటోల విషయంలో ఒక సూత్రం గట్టిగా పట్టుకోండి: ఒకటి ప్రధాన చిత్రం, అది పేజీలోని మరే చిత్రానికైనా కనీసం రెండింతల వైశాల్యంలో ఉండాలి. పాఠకుల చూపు మీద అమెరికాలోని పాయింటర్ సంస్థ 1990 దశకం ఆరంభంలో జరిపిన అధ్యయనంలోనూ, కన్ను ముందు పెద్ద చిత్రం మీద వాలి, అక్కడి నుంచి శీర్షికకు వెళ్లి, ఆ తరవాతే వార్తలోకి దిగుతుందని తేలింది. మూడు సమానమైన ఫొటోలు ఉన్న పేజీలో ఆ చూపు ఎక్కడ వాలాలో తెలియక జారిపోతుంది.

కాలమ్‌ల సంగతి అక్షరాలకు సంబంధించినది; అక్షరశిల్పి గారు చెబితే బాగుంటుంది.

క్షేత్రవిలేకరి

నాలుగైదు వార్తలు చాలన్న మాటతో నేను ఏకీభవించలేను. పెద్ద దినపత్రికకు ఆ లెక్క సరిపోవచ్చు. స్థానిక పత్రికను కొనేవారు తమ వీధి, తమ బడి, తమ ఆసుపత్రి పేరు కోసం వెతుకుతారు. మొదటి పేజీ మీద ఒక ప్రాంతం పేరు కనిపిస్తే అక్కడ ఆ వారం ప్రతులు ఎక్కువ అమ్ముడవుతాయని పంపిణీదారులు పదే పదే చెబుతారు, నేనూ చూశాను. పెద్ద ఫొటో, పెద్ద శీర్షిక, చుట్టూ ఖాళీ పెట్టి పేజీని అందంగా చేస్తే చూడటానికి బాగుంటుంది గానీ, సగం ప్రాంతాల వారికి అందులో తమదంటూ ఏమీ ఉండదు.

ఇంకొక మాట. వారపత్రికకు వార్త చేరేటప్పటికి అది జరిగి మూడు నాలుగు రోజులు అయి ఉంటుంది; అప్పటికే అందరి ఫోన్లలోకీ వచ్చేసి ఉంటుంది. కాబట్టి లీడ్‌గా "ఏం జరిగింది" అన్న వార్త పెట్టడం దండగ. "ఎందుకు జరిగింది, ఇక ఏం జరుగుతుంది" అన్న వార్త పెట్టాలి. రోడ్డు కుంగిన సంగతి అందరికీ తెలుసు. దాని కింద పైపు ఎప్పుడు వేశారు, ఎవరు తనిఖీ చేయాలి, మరమ్మతు ఎప్పటికి పూర్తవుతుంది అన్నది తెలియదు. ఆ రకమైన లీడ్‌కు ఫొటోకంటే ఒక చిన్న పటమో, తేదీల వరుసో ఎక్కువ పనికొస్తుంది.

రాత్రిడెస్క్

క్షేత్రవిలేకరి గారి రెండో మాట నూటికి నూరు పాళ్లు నిజం. మొదటి మాటకు నా సమాధానం: ప్రాంతాల పేర్లు కనిపించడం వేరు, పూర్తి వార్తలు పెట్టడం వేరు. ఒక చివరి కాలమ్‌ను పై నుంచి కింది దాకా సంక్షిప్త వార్తలకు కేటాయించండి. ప్రాంతం పేరు బోల్డులో, దాని కింద రెండు మూడు వాక్యాలు, చివర పేజీ సంఖ్య. ఆరేడు ప్రాంతాలు అక్కడే కనిపిస్తాయి. లీడ్ బలం తగ్గదు, ఎవరి ప్రాంతమూ పోదు.

ఒక షరతు మాత్రం ఉంది. "వివరాలు 3లో" అని రాస్తే మూడో పేజీలో ఆ వార్త అదే మాటలతో మొదలయ్యే శీర్షిక కింద ఉండాలి. మొదటి పేజీలో "తాగునీరు" అని చెప్పి లోపల "పథకం పనుల్లో జాప్యం" అని శీర్షిక పెడితే పాఠకుడు దాన్ని గుర్తుపట్టడు.

మొదటిపేజీ_పాఠకురాలు

నేను పత్రికా రంగంలో లేను, పాఠకురాలిని మాత్రమే. "తరువాయి 6లో" అని ఉన్న వార్తల్లో చాలావాటిని నేను పూర్తిగా చదవను. పేజీ తిప్పి, ఆ మూల వెతికి, వాక్యం సగంలో నుంచి అందుకోవాలంటే విసుగు వస్తుంది. మొదటి పేజీలో ఉన్నంత మేరకు వార్త పూర్తయిపోయి, ఇంకా కావాలనుకున్నవారికి లోపల మరో కథనం ఉంటే నాకు హాయిగా ఉంటుంది. అలాగే రంగు పట్టీ మీద తెల్లగా వేసే సన్న అక్షరాలు మా ఇంట్లో పెద్దవారు చదవలేకపోతున్నారు. వారే కదా పత్రికను మొదటి నుంచి చివరి దాకా చదివేది.

అక్షరశిల్పి

కాలమ్‌ల ప్రశ్న నాకు వదిలినందుకు ధన్యవాదాలు. దీని మీద కాస్త వివరంగా రాస్తాను. ఎందుకంటే పేజీ రూపకల్పన మీద దొరికే పుస్తకాలు చాలావరకు రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిలోని కొలతలను ఉన్నవి ఉన్నట్టు తెలుగుకు తెస్తే పేజీ ఊపిరాడకుండా తయారవుతుంది.

మీ పేజీకి ఆరు కాలమ్‌లు పెడితే, మధ్య ఖాళీలు 4 మిల్లీమీటర్లు అనుకున్నా, ఒక్కో కాలమ్‌కు 38 మిల్లీమీటర్లే దక్కుతాయి. తెలుగు మాటలు విభక్తులనూ ప్రత్యయాలనూ కలుపుకుని పొడుగ్గా సాగుతాయి. "నిర్వహించాల్సి ఉన్నప్పటికీ", "కార్యాలయంలోనూ" లాంటివి రెండు పడితే ఆ వరుస నిండిపోతుంది. రెండు అంచులూ సమంగా రావాలని బిగిస్తే మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడి, కాలమ్ నిలువునా తెల్లటి పాయలు కనిపిస్తాయి. అయిదు కాలమ్‌లు పెట్టుకోండి: ఒక్కోటి 46 మిల్లీమీటర్లు, మధ్య 5 మిల్లీమీటర్లు, మొత్తం సరిగ్గా 25 సెంటీమీటర్లు. సంక్షిప్త వార్తల కాలమ్‌కు మాత్రం కుడి అంచును వదిలేసి ఎడమ అంచుకే సర్దితే ఇంకా శుభ్రంగా ఉంటుంది. వరుస చివర మాట విరవవలసి వస్తే ఒత్తును, గుణింతాన్ని దాని హల్లు నుంచి విడదీయకూడదన్నది డీటీపీ చేసేవారికి తెలిసిన విషయమే. అయినా సాఫ్ట్‌వేర్ దానంతట అది విరిచిన చోట్లను ఒకసారి కంటితో చూసుకోవాలి.

వరుసల మధ్య దూరం మరీ ముఖ్యం. రోమన్ లిపిలో 10 పాయింట్ల (పాయింటు అంటే దాదాపు 0.35 మిల్లీమీటర్లు) అక్షరానికి 11, 12 పాయింట్ల దూరం సరిపోతుంది. తెలుగులో గుడి, గుడిదీర్ఘం పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. 10 పాయింట్లకు 13.5 లేదా 14 పాయింట్లు ఇవ్వండి. శీర్షికల్లో ఈ ఇబ్బంది కంటికి కొట్టినట్టు కనిపిస్తుంది. పై వరుసలో "శాస్త్రీయ" అన్న మాట ఉందనుకోండి. "స్త్రీ" కింద ఉన్న తవత్తు, రవత్తు కలిసి కిందికి వేలాడతాయి. సరిగ్గా దాని కింద రెండో వరుసలో "నీటి" వస్తే ఆ గుడిదీర్ఘం పైకి లేచి ఒత్తును తాకుతుంది. రెండూ కలిసి మరేదో అక్షరంలా కనిపిస్తాయి. అప్పుడు మొత్తం శీర్షిక దూరాన్ని పెంచనక్కర లేదు. మాటల క్రమం కొద్దిగా మార్చి ఆ రెండూ ఒకదాని కింద ఒకటి పడకుండా చూస్తే చాలు. ఈ పని శీర్షిక రాసే సబ్ ఎడిటరే చేయగలడు, డిజైనర్ చేయలేడు.

తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడా లేదు. వాలు అక్షరాలు మన లిపికి నప్పవు. కాబట్టి ప్రాధాన్యం చూపడానికి మన చేతిలో ఉన్నవి పరిమాణం, బరువు, చుట్టూ వదిలే ఖాళీ. అందుకే చాలా పత్రికలు రంగుల మీద పడతాయి. నా సలహా: శీర్షికలన్నీ నల్లగానే ఉంచండి. ఒకే కుటుంబానికి చెందిన రెండు బరువులు చాలు. లీడ్‌కు 48 పాయింట్లు పెడితే సెకండ్ లీడ్‌కు 30, మిగిలినవాటికి 20 పెట్టండి; 48, 42, 36 అని మెట్లు దగ్గరగా పెడితే తేడా కనబడదు. ఎంత పెద్ద అక్షరం ఎప్పుడు వాడాలన్నది కూడా ముందే రాసి పెట్టుకోండి. న్యూయార్క్ టైమ్స్ 1969 జులై 21న మనిషి చంద్రుడి మీద నడిచాడన్న వార్తకు 96 పాయింట్ల శీర్షిక పెట్టింది. అంత పరిమాణం మామూలు రోజుల్లో వాడలేదు కాబట్టే ఆ రోజు దానికి విలువ వచ్చింది. ప్రతి వారం 72 పాయింట్లతో అరిచే పత్రికకు నిజంగా పెద్ద వార్త వచ్చిన వారం చేయడానికి ఏమీ మిగలదు.

ఫాంట్ల విషయం. లండన్ టైమ్స్ పత్రిక 1932లో తన కోసం ప్రత్యేకంగా టైమ్స్ న్యూ రోమన్ తయారు చేయించుకుంది. చిన్న పత్రికకు అది సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో మండలి వార్తా పత్రికలను దృష్టిలో పెట్టుకుని చేసినది. రామభద్ర పెద్ద శీర్షికల కోసం చేసినది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు సరిగా రావాలంటే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అన్న ఎంపికను పెట్టుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. ఏ ఫాంటు ఎంచుకున్నా తెర మీద చూసి నిర్ణయించకండి. మీరు వాడే న్యూస్‌ప్రింట్ మీద అచ్చు వేయించి చూడండి.

ఆఫ్‌సెట్_యూనిట్

అక్షరశిల్పి గారి చివరి మాటకు అచ్చు యంత్రం వైపు నుంచి కారణం చెబుతాను. పత్రికలు అచ్చువేసే కోల్డ్‌సెట్ వెబ్ ఆఫ్‌సెట్ పద్ధతిలో ఇంకును ఆరబెట్టే ఏర్పాటు ఉండదు, కాగితం దాన్ని పీల్చుకోవాలి. పీల్చుకునేటప్పుడు, ఫొటోలో ఛాయలను ఏర్పరచే ఇంకు చుక్క వ్యాపిస్తుంది. న్యూస్‌ప్రింట్ ముద్రణకు ఉన్న ఐఎస్ఓ 12647-3 ప్రమాణం లెక్కలోనే, మీరు 50 శాతం అని పంపిన చుక్క కాగితం మీద 76 శాతంగా పడుతుంది. అందుకే తెర మీద చక్కగా ఉన్న ముఖం అచ్చులో మసిబారినట్టు వస్తుంది. ఫొటోలో మధ్య ఛాయలను ముందే తేలిక చేసి పంపాలి. నాలుగు రంగులు కలిపి మొత్తం ఇంకు 240 శాతం దాటకూడదు. దాటితే వెనక పేజీకి అంటుతుంది, కాగితం తడిసి ముడతలు పడుతుంది.

తెల్ల అక్షరాల గురించి పాఠకురాలు గారు చెప్పినది మేము రోజూ చూసే సంగతే. రంగు పట్టీ అంటే సాధారణంగా రెండు లేదా మూడు ప్లేట్లు (ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు రేకు) ఒకదాని మీద ఒకటి పడాలి. వేగంగా నడిచే కాగితం మీద ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా, తెల్లగా ఉండవలసిన సన్న గీతలోకి పక్క రంగు చొరబడుతుంది. ముఖ్యంగా "థ" లోపలి చుక్క పూడిపోయి "ద"గా మారుతుంది. "కథ" కాస్తా "కద" అవుతుంది. బోల్డు అక్షరాల్లో నల్ల ఇంకుతోనూ ఇది జరుగుతుంది గానీ, రివర్స్‌లో, అంటే రంగు మీది తెల్ల అక్షరాల్లో, మరీ ఎక్కువ. తప్పనిసరి అయితే ఒకే ప్లేటు మీద, అంటే నలుపు మీద మాత్రమే, 24 పాయింట్లకు పైబడిన లావు అక్షరాలకు వాడండి. వార్తలోని అక్షరాలు మాత్రం ఎప్పుడూ నలుపు ప్లేటు ఒక్కదాని మీదే ఉండాలి. నాలుగు రంగుల నలుపుతో వచ్చిన ఫైలును మేము వెనక్కి పంపిస్తాము.

వార్త వెనక బూడిద రంగు స్క్రీన్ (లేత నీడ) వేయాలనుకుంటే 10 శాతం చాలు. ఫొటోలు 200 డీపీఐ (అంగుళానికి 200 చుక్కలు) ఉంటే మా అచ్చుకు సరిపోతాయి; ఫోన్లో ఎవరో పంపగా పంపగా కుంచించుకుపోయిన ఫొటోను మూడు కాలమ్‌లకు సాగదీస్తే ఎవరూ కాపాడలేరు.

ఇంకొకటి చాలామందికి గుర్తుండదు. ఎనిమిది పేజీల టాబ్లాయిడ్‌లో 1, 4, 5, 8 పేజీలు కాగితానికి ఒకే వైపు పడతాయి. ఆ వైపుకే రంగు ఉంటే మధ్య రెండు పేజీలకూ రంగు వచ్చినట్టే. మొదటి పేజీ ఆలస్యమైతే ఆ నాలుగు పేజీల ప్లేట్లూ ఆగుతాయి. కాబట్టి మొదటి పేజీని చివరి క్షణం దాకా తెరిచి ఉంచాలనుకునేవారు మిగిలిన మూడింటినీ ముందే మూసేయాలి.

ప్రకటనల_విభాగం

ప్రకటన గురించి ఎవరూ మాట్లాడలేదు గనుక నేను రాస్తున్నాను. మొదటి పేజీలో ప్రకటన ఉండటం కొత్త ఏమీ కాదు. లండన్ టైమ్స్ 1966 మే 3 దాకా మొదటి పేజీ మొత్తాన్ని చిన్న ప్రకటనలకే ఇచ్చేది. ది హిందూ 1958లో గానీ మొదటి పేజీకి వార్తలు తేలేదు. అందువల్ల ప్రకటన ఉందా లేదా అన్నదానికంటే అది ఏ ఆకారంలో ఉందన్నదే చూడాలి.

అడుగున పూర్తి వెడల్పున ఒక పట్టీ, ప్రతి వారం ఒకే ఎత్తు. ఈ నియమం ప్రకటన ఇచ్చేవారికీ మంచిదే, పేజీ పెట్టేవారికీ మంచిదే. కుడివైపు నిలువుగా ఎక్కి అడుగున అడ్డంగా తిరిగే ఆకారాలను, పేజీ మధ్యలో తేలే పెట్టెలను ఒప్పుకోకండి. ఆ వారం మీ లీడ్ దాని చుట్టూ వంకర తిరగవలసి వస్తుంది. ఇయర్ ప్యానెళ్ల ఆదాయం నిజానికి చాలా తక్కువ, వాటిని వదులుకుంటే పత్రిక పేరుకు హుందాతనం వస్తుంది. వార్తలా కనిపించేలా రాసిన ప్రకటనకు మాత్రం "ప్రకటన" అని స్పష్టంగా, చదవగలిగే పరిమాణంలో పెట్టాలి, అక్షరాలు కూడా మీ వార్తల ఫాంటులో ఉండకూడదు. ప్రకటన ఇచ్చినవారికి సంబంధించిన వార్త అదే పేజీలో దాని నెత్తిమీదే రాకుండా చూడవలసిన బాధ్యత డెస్క్‌ది.

స్థానికవార్త

అందరి సలహాలూ చదివి ఒక డమ్మీ గీశాను. పత్రిక పేరు, తేదీ పట్టీ కలిపి 4 సెంటీమీటర్లు. ఇయర్ ప్యానెళ్లు లేవు. అడుగున ప్రకటన పట్టీ 5 సెంటీమీటర్లు. మధ్య మిగిలిన 24 సెంటీమీటర్లలో అయిదు కాలమ్‌లు. కుడి చివరి కాలమ్ మొత్తం ప్రాంతాల సంక్షిప్త వార్తలకు. మిగిలిన నాలుగు కాలమ్‌ల మీద లీడ్ శీర్షిక, 48 పాయింట్లలో రెండు వరుసలు. దాని కింద మూడు కాలమ్‌ల వెడల్పున ప్రధాన ఫొటో, 14.8 సెంటీమీటర్ల వెడల్పుకు 10 సెంటీమీటర్ల ఎత్తు. దాని కింద ఒక వరుస రైటప్ (ఫొటో వివరణ). నాలుగో కాలమ్‌లో ఫొటో పక్కన లీడ్ వార్త. అడుగున నాలుగు కాలమ్‌ల యాంకర్, 7.5 సెంటీమీటర్లు. సెకండ్ లీడ్‌కు చోటు దొరకలేదు. దాన్ని సంక్షిప్త కాలమ్ పైభాగంలో పెట్టాలనుకుంటున్నాను. ఈ నమూనాలో ఏమైనా ఇబ్బంది కనిపిస్తోందా?

రాత్రిడెస్క్

ఎముకల గూడు బాగుంది. కానీ లెక్క వేయండి. ఫొటో, రైటప్ కలిపి 10.8 సెంటీమీటర్ల ఎత్తు. ఆ పక్క కాలమ్‌లో 14 పాయింట్ల దూరంతో 21 వరుసలు పడతాయి. 46 మిల్లీమీటర్ల వరుసలో సగటున నాలుగు మాటలు వస్తాయనుకుంటే, మీ లీడ్ వార్త మొత్తం 84 మాటలు. అంత పెద్ద శీర్షిక కింద ఎనభై మాటలు ఉంటే పాఠకుడికి నిరాశే మిగులుతుంది. లేదా మిగతాది లోపలికి పంపి పాఠకురాలు గారు వద్దన్న తరువాయిని తేవలసి వస్తుంది.

శీర్షికను ఒక వరుసకు తెండి. తీసేసిన వరుస, దాని ఖాళీతో కలిపి 60 పాయింట్లు, అంటే 2.1 సెంటీమీటర్లు మిగులుతాయి. ఫొటోను పైనా కిందా కత్తిరించి 8.3 సెంటీమీటర్లకు తగ్గించండి. చాలా ఫొటోల్లో పైన ఆకాశం, కింద నేల అనవసరంగా ఉంటాయి కాబట్టి నష్టం ఏమీ లేదు. అప్పుడు ఫొటో కింద మూడు కాలమ్‌లలో ఏడేసి వరుసలు, పక్క కాలమ్‌లో 26 వరుసలు, మొత్తం 47 వరుసలు వస్తాయి. దాదాపు 190 మాటలు. ఒక వార్తను పూర్తిగా చెప్పి ముగించడానికి అది సరిపోతుంది. నేపథ్యం, పత్రాలు, అధికారుల వివరణ మూడో పేజీలో వేరే కథనంగా ఇవ్వవచ్చు.

ఒక వరుస శీర్షిక రాయడం కష్టమే. నాలుగు కాలమ్‌ల వెడల్పు 19.9 సెంటీమీటర్లు. మీరు ఎంచుకున్న ఫాంటులో ఆ వెడల్పుకు 48 పాయింట్లలో ఎన్ని అక్షరాలు పడతాయో కొలిచి, ఆ సంఖ్యను గోడ మీద అంటించండి. రాసేవారు ఆ హద్దులో ఆలోచించడం అలవాటు చేసుకుంటారు. శీర్షిక పట్టలేదని అక్షరాలను పక్కల నుంచి నొక్కడానికి ఎప్పుడూ ఒప్పుకోవద్దు. నొక్కిన తెలుగు అక్షరం గుండ్రదనం పోయి చూడలేము.

సెకండ్ లీడ్‌ను సంక్షిప్త కాలమ్ పైన పెట్టడం బాగానే ఉంది గానీ ఒక జాగ్రత్త. ఆ శీర్షిక లీడ్ శీర్షికకు సరిగ్గా పక్కనే, అదే ఎత్తులో వస్తుంది. ఎడమన "తాగునీటి పథకానికి నిధులు", కుడిన "సగంలో ఆగిన పనులు" అని ఉంటే రెండూ కలిపి ఒకే వాక్యంగా చదివేస్తారు. ఆ రెండో వార్త బడి భవనం గురించి అని తెలిసేసరికి గందరగోళం అయిపోతుంది. మధ్య ఖాళీలో ఒక నిలువు రూలు గీయండి, కుడి శీర్షికను బాగా చిన్నదిగా, మూడు నాలుగు వరుసల్లో పెట్టండి.

క్షేత్రవిలేకరి

సంక్షిప్త కాలమ్ పెట్టినందుకు సంతోషం. ఆ కాలమ్‌లో ప్రతి వారం ఒకే క్రమంలో ప్రాంతాలు రాకుండా మార్చుతూ ఉండండి. లేకపోతే చివర ఉన్నవారు ఎప్పుడూ చివరే ఉంటారు.

మంచి ఫొటో లేని వారం ఏం చేస్తారన్నది నా సందేహం. స్థానిక పత్రికకు వచ్చే ఫొటోల్లో ఎక్కువ భాగం వేదిక మీద వరుసగా నిలబడిన పది మందివే. దాన్ని 14.8 సెంటీమీటర్ల వెడల్పున వేస్తే పేజీ చచ్చిపోతుంది. అలాంటి వారం ఫొటో తప్పనిసరి కాదనే నా అభిప్రాయం. న్యూయార్క్ టైమ్స్ 2020 మే 24న కరోనా మృతుల పేర్లతో, ఒక్క చిత్రమూ లేకుండా మొదటి పేజీ మొత్తం నింపింది. ఆ పేజీని చూసినవారెవరూ మరిచిపోలేదు. మనకు అంత పెద్ద సందర్భం అక్కర లేదు. నీళ్లు ఏ వీధికి ఏ రోజు వస్తాయన్న పట్టికను ప్రధాన చిత్రం స్థానంలో శుభ్రంగా వేస్తే జనం దాన్ని కత్తిరించి దాచుకుంటారు.

రాత్రిడెస్క్

అందుకే నమూనా ఒకటే ఉండకూడదు, వారానికొకటి కొత్తగా గీయనూ కూడదు. మూడు గూళ్లు తయారు చేసి పెట్టుకోండి. పెద్ద ఫొటో ఉన్న వారానికి ఇప్పుడు గీసినది. ఫొటో లేని వారానికి, పట్టికో పటమో మధ్యలో ఉండేది. రెండు వార్తలు సమాన బరువుతో వచ్చిన వారానికి, మూడు కాలమ్‌లు, రెండు కాలమ్‌లుగా నిలువునా విడదీసేది. ఇందులో మాత్రం సంక్షిప్త వార్తలు ప్రకటన పట్టీ పైన అడ్డంగా వస్తాయి. పేరు, ప్రకటన, అక్షరాల పరిమాణాలు, కాలమ్ వెడల్పు మూడింటిలోనూ ఒకటే. పాఠకుడికి తన పత్రిక అన్న గుర్తు అక్కడి నుంచి వస్తుంది, వార్తకు కావలసిన వెసులుబాటు గూడు మారడం వల్ల వస్తుంది. ఏ గూడు వాడాలన్నది వార్తల జాబితా చూశాక అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

స్థానికవార్త

మూడు గూళ్ల ఆలోచన మాకు బాగా కుదురుతుంది. ఒక సందేహం మిగిలింది. పత్రిక పేరు అక్షరాలు చాలా ఏళ్లుగా ఉన్నవి, వాటికి రెండు రంగుల నీడ కూడా ఉంది. పాత పాఠకులు దాన్నే గుర్తుపడతారు. 6.5 నుంచి 4 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఆ గుర్తు పోతుందేమోనని మా యాజమాన్యం వెనకాడుతోంది.

అక్షరశిల్పి

అక్షరాల ఆకారం మార్చకండి, నీడను మాత్రం తీసేయండి. పాఠకులు గుర్తుపట్టేది ఆ అక్షరాల మలుపులను, తలకట్టు తీరును; నీడను కాదు. నీడ పోతే అక్షరాల చుట్టూ ఖాళీ పెరుగుతుంది, చిన్నదైనా పేరు తేటగా కనిపిస్తుంది. చిహ్నాన్ని పేరుకు పైన కాకుండా పక్కన పెడితే ఎత్తు దానంతట అదే తగ్గుతుంది. తేదీ, సంపుటి, పేజీలు, వెల ఉండే పట్టీకి పైనా కిందా అర పాయింటు గీత చాలు, రంగు వద్దు. యాజమాన్యానికి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, గదిలో అవతలి గోడ దగ్గర నిలబడి చూడమనండి.

ఆఫ్‌సెట్_యూనిట్

ఆ రెండింటినీ లేజర్ ప్రింటు మీద చూపకండి. మీ ప్రెస్‌లో మామూలు సంచిక అచ్చు మొదలయ్యే ముందు ఇంకు, రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం) కుదిరే దాకా కొన్ని ప్రతులు ఎలాగూ పోతాయి. అయితే ఆ సమయంలో ప్లేటు మార్చడం కుదరదు కాబట్టి, ఒక సంచికలో ఎనిమిదో పేజీని పరీక్షకు కేటాయించమని అడగండి. అది మొదటి పేజీతో ఒకే వైపు, అదే రంగుల్లో పడుతుంది. కొత్త పేరు, మూడు పరిమాణాల శీర్షికలు, 10 శాతం స్క్రీన్ మీద కొంత వార్త, ఒకే ఫొటోను మధ్య ఛాయలు మూడు రకాలుగా సర్ది మూడు సార్లు వేయించండి. ఏది నిలిచిందో ఆ కాగితం మీద చూసి, ఆ విలువలనే మీ గూళ్లలో భద్రపరచుకోండి. కాగితం సరఫరా మారినప్పుడు మాత్రం ఫొటోల భాగాన్ని మళ్లీ పరీక్షించాలి.